లాగ్‌లోకి ఎక్కని కష్టం

మొన్న రాత్రి పదకొండున్నరకి ఫ్రెండ్ ఫోన్ చేసింది. "ఒసేయ్, ప్రెగ్నెన్సీ టెస్ట్ పాజిటివ్ వచ్చింది. క్లినిక్‌కి వెళ్తే భర్త సంతకం కావాలన్నారు. పెళ్లి కాలేదంటే అదోలా చూశారు. మెడికల్ షాపులో మాత్రలు కొని వేసేసుకోనా?"

"ఆగవే, పొద్దున వస్తా" అన్నాను. నిద్ర పట్టక ల్యాప్‌టాప్ తెరిచాను.

1860 నాటి శిక్షాస్మృతిలో, తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప అబార్షన్ చేస్తే నేరం. చేయించుకున్న ఆమెకీ జైలే. దాంతో అబార్షన్లు ఆగలేదు, చాటుకి వెళ్లాయంతే. అసలు ఎన్ని జరుగుతున్నాయి, చట్టం మార్చాలా అని చూడటానికి 1964లో ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. దానికి అధ్యక్షుడు మహారాష్ట్ర మంత్రి శాంతిలాల్ షా. 1966 చివర్లో రిపోర్ట్ వచ్చింది. 50 కోట్ల జనాభాకి ఏడాదికి దాదాపు 39 లక్షల మంది కావాలని అబార్షన్ చేయించుకుంటున్నారని అందులో అంచనా వేశారు.

గమనించారా? అది లెక్క కాదు, అంచనా. నేరం కాబట్టి ఎవరూ చెప్పరు. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే, లాగ్‌లోకి ఎక్కని ఎర్రర్ అది. సిస్టమ్ బాగానే నడుస్తున్నట్టు కనిపిస్తుంది, లోపల మనుషులు పోతుంటారు.

ఆ రిపోర్ట్ వల్లే 1971లో ఎంటీపీ చట్టం వచ్చింది. 1972 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

మరి ఇప్పుడు? 2015లో దేశంలో దాదాపు 1.56 కోట్ల అబార్షన్లు జరిగాయని లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన ఒక స్టడీ అంచనా. ఇదీ అంచనానే! అందులో నాలుగింట దాదాపు మూడు ఆసుపత్రి బయట, మాత్రలతో జరిగినవే. చట్టం వచ్చి యాభై ఏళ్లు దాటింది. చాటు మాత్రం పోలేదు.

అందుకే ఈ నాలుగు ముక్కలు గుర్తుపెట్టుకోండి. 18 నిండిన అమ్మాయికి తన సంతకం చాలు. భర్తదీ, నాన్నదీ అక్కర్లేదు. చట్టం చెప్పిన కారణాలు ఉంటే 20 వారాల వరకు ఒక్క డాక్టర్ అభిప్రాయం సరిపోతుంది. గర్భనిరోధకం ఫెయిలవడం కూడా ఆ కారణాల్లో ఒకటి. 2021 సవరణలో 'భర్త' అన్న చోట 'పార్ట్‌నర్' అని మార్చారు. పెళ్లైన, కాని తేడా చూపొద్దని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది. మీ వివరాలు బయటపెడితే అదీ నేరమే.

మాత్రలు సొంతంగా వేసుకోవద్దన్నది నీతి చెప్పడానికి కాదు. ఎన్ని వారాలో, గర్భం గర్భసంచిలోనే ఉందో లేదో చూడకుండా వేసుకుంటే ప్రాణం మీదికి రావచ్చు.

పొద్దున్నే ఇద్దరం గవర్నమెంట్ ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ స్కాన్ చూసి, ఫారం ముందుకు జరిపి, "ఇక్కడ నువ్వు సంతకం పెట్టమ్మా" అంది.

నా ఫ్రెండ్ ఒక్క నిమిషం పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయింది. "నాది ఒక్కటేనా మేడమ్?" అని మళ్లీ అడిగింది.

"నీదే కదమ్మా కావాల్సింది."