మళ్లీ రక్తం ఇవ్వాలట!

పొద్దున్నే పరగడుపున వెళ్లి, వరసలో కూర్చుని, చేయి చాచి రక్తం ఇచ్చి వస్తారు. మధ్యాహ్నానికి ల్యాబ్ నుంచి ఫోను. ‘మీ శాంపిల్ క్లాటయిందండీ, మరోసారి రావాలి’ అని. ఇచ్చింది ఏడేళ్ల పిల్లాడైతే ఇంట్లో చిన్నపాటి యుద్ధమే. పెద్దవాళ్లయితే ఇంకో దిగులు... రక్తం చిక్కబడిందేమో, గుండెకేమైనా ముప్పేమో అని!

సాధారణంగా ఆ దిగులు అక్కర్లేదు. గడ్డకట్టడం రక్తానికి సహజగుణం. కూరలు తరుగుతుంటే తెగిన వేలు కాసేపట్లో తనంతట తనే ఊరుకునేది ఆ గుణం వల్లే. ట్యూబులోకి వెళ్లాక కూడా అది తన పని తాను చేసుకుపోతుంది. దాన్ని ఆపాల్సింది ట్యూబులోని మందు. ఆపలేకపోయిందంటే తేడా దాదాపుగా రక్తంలో కాదు, రక్తం తీసిన తీరులో.

రక్తంలో ఫైబ్రినోజన్ అనే ప్రొటీను కరిగి ఉంటుంది. రక్తం నాళం దాటి బయటపడగానే గడ్డకట్టించే ప్రొటీన్లు ఒకదాన్నొకటి తట్టిలేపుతాయి. ఆఖరికి ఫైబ్రినోజన్ సన్నటి దారాలుగా మారి వలలా అల్లుకుంటుంది. కణాలన్నీ చేపల్లా అందులో చిక్కుకుంటాయి. ఈ వరసలో చాలా మెట్ల దగ్గర కాల్షియం ఉండి తీరాలి. ఆక్సలేటుతో కాల్షియాన్ని తప్పిస్తే రక్తం గడ్డకట్టదని 1890లో ఆర్థస్, పాజెస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు చూపించారు. ఊదారంగు మూత ఉన్న ట్యూబులో జరిగేదీ అదే. దాని గోడలకు లోపలివైపు ఈడీటీఏ అనే రసాయనం పలుచగా పూసి ఉంటుంది. అది కాల్షియాన్ని పట్టుకుని వదలదు. కణాల లెక్క తేల్చే పరీక్ష, అదే సీబీసీ, ఈ ట్యూబులోని రక్తంతోనే చేస్తారు.

అన్ని ట్యూబులూ గడ్డకట్టకుండా ఆపేవి కావు. ఎర్ర మూతది గడ్డకట్టించడానికే. పెరుగు మీద తేరిన నీటిలా పైకి తేలే సీరం కావాలి దానికి.

ఇక తేడా ఎక్కడ వస్తుందంటే... మందు ఉన్నది గోడలకు. రక్తం పడేది మధ్యలో. రెండూ కలవాలంటే ట్యూబును వెంటనే మెల్లగా ఎనిమిది, పదిసార్లు తలకిందులు చేయాలి. ముప్ఫై మంది వరసలో ఉన్నప్పుడు టెక్నీషియన్ దాన్ని స్టాండులో గుచ్చేసి తర్వాతి చేయి పట్టుకుంటే, ఎక్కువగా గడ్డకట్టేది ఆ ట్యూబే. అలాగని సోడా సీసాలా గిలకొట్టినా ముప్పే, ఎర్రకణాలు పగిలిపోతాయి. గీత దాటి నిండుగా పోసినా అంతే. ఉన్న మందు అంత రక్తానికి చాలదు, పైగా కలపడానికి లోపల ఖాళీ మిగలదు.

‘నరం దొరకట్లేదు’ అన్న మాట వినపడిందంటే కష్టం మొదలైనట్టే. సూదితో చర్మం కింద వెతికేకొద్దీ కణజాలం చితికి, దాని రసం రక్తంలో కలుస్తుంది. గడ్డకట్టే పనికి అదే అగ్గిపుల్ల. రక్తం బొట్లుబొట్లుగా వస్తుంటే సిరంజిలోనే గడ్డ మొదలవుతుంది. ఆ తర్వాత ట్యూబులో పోసి ఎంత కలిపినా లాభం లేదు. పసిపిల్లల మడమ గుచ్చి తీసే శాంపిళ్లు తరచూ పాడయ్యేది ఇందువల్లే. నాలుగుసార్లు గుచ్చి ఎలాగోలా ట్యూబు నింపడం కన్నా, సూది తీసేసి కొత్త సూదితో రెండో చేతికి మారడం మేలు. పిల్లాడి ఏడుపు ముందు ఆ ఓపిక ఎంతమందికి ఉంటుందన్నది వేరే సంగతి.

గోళీ అంత గడ్డ కంటికి కనిపిస్తుంది, శాంపిల్‌ను పక్కన పెట్టేస్తారు. చిక్కల్లా నూకగింజంత గడ్డతోనే. సన్నటి పుల్లతో ట్యూబులో తిప్పి చూస్తేగానీ తెలియదు. అది యంత్రం గొట్టంలో ఇరుక్కుంటే ఒక రకంగా అదృష్టమే, తప్పు బయటపడుతుంది. ఇరుక్కోకపోతే యంత్రం మిగిలిన రక్తాన్ని లెక్కేసి, మారు మాట్లాడకుండా అంకె ఇచ్చేస్తుంది. గడ్డలో చిక్కుకున్న ప్లేట్‌లెట్లు ఆ లెక్కలోకి రావు.

వానాకాలంలో, డెంగీ జ్వరాలప్పుడు ఈ అంకె ఎంత పని చేస్తుందో చెప్పక్కర్లేదు. మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాల్సిన ప్లేట్‌లెట్లు ముప్ఫై వేలని కాగితం మీద కనబడితే తండ్రి బ్లడ్‌బ్యాంకుల చుట్టూ పరుగు మొదలుపెడతాడు. డెంగీలో ప్లేట్‌లెట్లు నిజంగానే పడిపోతాయి కాబట్టి ఆ అంకెను తీసిపారేయడానికి లేదు. అలాగని గుడ్డిగా నమ్మడానికీ లేదు. నిన్న లక్షా నలభై వేలు ఉండి, ఇవాళ ఒక్కసారిగా ముప్ఫై వేలైతే డాక్టరు ముందు అడగాల్సింది ట్యూబులో గడ్డ ఉందా అనే. ఒక చుక్క రక్తాన్ని గాజు పలక మీద పరిచి మైక్రోస్కోపులో చూస్తే ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుని ఉన్నాయో, నిజంగానే లేవో చాలావరకు తేలిపోతుంది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. కొద్దిమంది రక్తంలో ఈడీటీఏ తగలగానే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. రక్తం చక్కగా తీసినా, బాగా కలిపినా అంతే. ఒంట్లో ప్లేట్‌లెట్లు నిక్షేపంగా ఉంటాయి, రిపోర్టులో మాత్రం కరవు! అలాంటివారికి నీలం మూత ట్యూబులో మళ్లీ తీసి చూస్తారు. అందులో ఉండేది సోడియం సిట్రేటు ద్రవం. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు ద్రవం కలుస్తుంది కాబట్టి వచ్చిన అంకెను 1.1తో హెచ్చవేయాలి.

ఆ నీలం మూత ట్యూబుకే ఇంకో ముఖ్యమైన పని. గుండెలో లోహపు కవాటం అమర్చినవాళ్లు రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వేసుకుంటారు. మోతాదు సరిపోయిందా లేదా తేల్చే ఐఎన్ఆర్ పరీక్షకు వాడేది దీన్నే. ఆ పరీక్షలో కాల్షియాన్ని తిరిగి కలిపి, రక్తం గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూస్తారు. ఇక్కడ గీత కంటే తక్కువ నింపడం పెద్ద తప్పు. మిగిలిపోయిన సిట్రేటు, కొత్తగా కలిపిన కాల్షియాన్నీ పట్టేసుకుంటుంది. రక్తం మరీ పలచబడినట్టు రిపోర్టు వస్తుంది. దాన్ని నమ్మి మాత్ర తగ్గిస్తే ఈసారి గడ్డ కట్టేది ట్యూబులో కాదు, కవాటం మీద. అందుకే సగమే నిండిన నీలం మూత ట్యూబును ల్యాబ్‌వాళ్లు తిప్పి పంపేస్తారు. ‘ఇంత రక్తం తీశారు కదా, దీంతోనే కానివ్వండి’ అని బతిమాలినా ఒప్పుకోరు.