పదును తెలియని ట్రాక్టరు

మా విద్యార్థులలో పలువురు 'ఫార్మింగ్ సిమ్యులేటర్' అను ఆటను చక్కగా ఎరుగుదురు. స్విట్జర్లాండుకు చెందిన జయంట్స్ సాఫ్ట్‌వేర్ సంస్థ 2008లో దీనిని తొలుత వెలువరించినది. ఇందు ట్రాక్టరు చక్రములకు బదులు రబ్బరు బెల్టులు తగిలించి, తెరమీది పొలమును దున్నవచ్చును. ఏ యంత్రమునకు ఎంత అశ్వశక్తి కలదో మన బాలురు తడుముకొనక చెప్పగలరు. కాని 'పదును' అననేమో చెప్పగలవారు అరుదు. ఇదియే మమ్ము చింతింపజేయుచున్నది.

ఆటను మేము నిందింపము, యంత్రమును ద్వేషింపము. బెల్టు వెనుక గొప్ప శాస్త్రము కలదు. బరువు ఎంత విశాలముగ పరచుకొనిన, నేలపై ఒత్తిడి అంత తగ్గును. కాలిఫోర్నియాలోని మెత్తని నేలలలో చక్రములు దిగబడుచుండగా బెంజమిన్ హోల్ట్ 1904లో ఆవిరి ట్రాక్టరును గొలుసు పట్టాలపై నడిపి చూపెను. 1987లో కాటర్‌పిల్లర్ సంస్థ 'చాలెంజర్ 65' పేర రబ్బరు బెల్టుల ట్రాక్టరును రైతుల కందించెను. నేడు గోదావరి, కావేరి డెల్టాలలో తడియారని వరిచేలను కోయుటకు బెల్టు యంత్రములే దిగుచున్నవి. ఆంధ్ర రైతులు వానిని 'చైన్ మిషన్' అందురు.

అయినను బెల్టు యంత్రపు బరువును పంచునే గాని తగ్గింపదు. తడి నేలపై బరువైన యంత్రము సాగిన అడుగు పొర అణగిపోవును. అందు నీరింకదు, వేరు దిగదు. లోతున అణగిన నేల ఏండ్ల తరబడి కోలుకొనదు. కావున పొలమున ఏనాడు దిగవలెనో నిర్ణయింపవలసినవాడు రైతే. ఆ అదనుకు మన పెద్దలు పెట్టిన పేరు పదును. పిడికిట పట్టిన మట్టి ముద్దకట్టి, వ్రేలితో నొక్కిన పొడిపొడిగా విడిపోవలెను. అదియే దున్నదగిన తేమ. 2024లో వెలువడిన ఆటలో వరిపొలములు కలవు, గేదెలు కలవు, చక్రము క్రింద నేల కుంగుటయు కలదు. కాని తెరలోని మట్టి పిడికిటి కందదు గదా!

మన ప్రాంతమున ఈ జ్ఞానము మరింత ఆవశ్యకము. కోయంబత్తూరు సీమలోను, మదురకు దక్షిణమునను మన పూర్వులు సాగుచేసినది అధికముగ నల్లరేగడియే. వాన కురిసిన జిగురగును. ఎండిన బీటలు వారును. నడుమ పదును నిలుచు దినములు స్వల్పము. ఈ నేలను తమిళులు 'కరిసల్' అందురు. ఆంగ్లమున భూగోళ గ్రంథములు వాడు 'రెగర్' అను పేరు మన తెలుగు మాటనుండి పుట్టినదే. తెలుగువారు వలసవచ్చి, అడవి తొలగించి, కరిసల్ సీమలో స్థిరపడిన గాథను కీ. రాజనారాయణన్ 1976లో 'గోపల్ల గ్రామం' అను తమిళ నవలగా రచించెను. మన మాట లోకమునకు పోయినది. మన బిడ్డల నోటనుండి మాత్రము జారిపోవుచున్నది.

ఎడ్ల అరక పోయి ట్రాక్టరు వచ్చుట కాలధర్మము. అరకతో పాటు మాటయు పోవలెనన్న నియమము లేదు. మాట పోయిన, దానిలోని తెలివియు పోవును. కావున విద్యార్థులారా, ఆటలాడుడు. యంత్రముల మర్మము నేర్వుడు. ఈ సెలవులలో మీ తాతలను, అవ్వలను అడిగి దుక్కి, చాలు, పదును, బెట్ట మొదలగు సేద్యపు మాటలను అర్థములతో వ్రాసికొనుడు. తొలకరి కురిసిన పిదప పొలమునకు పోయి పిడికెడు రేగడి చేతబట్టి చూడుడు. రేపు బెల్టు ట్రాక్టరు నడుపువాడు మీలోనే ఉండవచ్చును. అతడు పదునెరిగినవాడు కావలెననియే మా కోరిక.