బైపాస్ వదిలేద్దాం, మట్టి ట్రాక్ అడుగుదాం

అనంతపురం పట్టణ ప్రజలకు, చుట్టుపక్కల పల్లెలవాళ్లకు, బండి అంటే ప్రాణమిచ్చే కుర్రాళ్లకు, వాళ్లు ఇల్లు చేరేదాకా నిద్రపోని అమ్మానాన్నలకు, జిల్లా కలెక్టరు గారికి, ఎస్పీ గారికి, క్రీడాశాఖ అధికారులకు మా విన్నపం.

2025 మార్చి 2, ఆదివారం. థాయ్‌లాండ్‌లోని బురిరామ్‌లో మోటోజీపీ ప్రపంచ మోటారుసైకిల్ పందేల సీజను తొలి ప్రధాన పందెం. మనకు మధ్యాహ్నం ఒంటిగంటన్నర, ఎండకు కుక్క కూడా వీధిలోకి రాని వేళ. అయినా మన ఊళ్లో మెకానిక్ షెడ్లలో, హాస్టలు గదుల్లో, టీకొట్ల వెనకాల ఒక్కో ఫోను చుట్టూ నలుగురైదుగురు మూగినారు. స్పెయిన్ రేసర్ మార్క్ మార్కెజ్ డుకాటి కంపెనీ జట్టులోకి వచ్చాక అదే మొదటి ప్రధాన పందెం. ముందు పోతున్న మనిషి ఏడో రౌండులో ఉన్నట్టుండి నెమ్మదించి తమ్ముడు అలెక్స్‌కు దారి ఇచ్చినాడు. ఇంక చూడండి గోల. "తమ్మునికి గెలుపు దానం చేసినాడప్పా" అని ఒకడు. "బండి పాయ, అంతే" అని ఇంకొకడు. "యాడ పోయింది, వాడు నాటకమాడతాండాడు చూడు" అని మూడోవాడు.

సంగతేమిటో పందెం అయినాక తెలిసింది. ముందు టైరులో గాలి తగ్గింది. మోటోజీపీ నియమం ప్రకారం ముందు టైరు గాలి 1.8 బార్‌కు తగ్గకూడదు, కనీసం 60 శాతం రౌండ్లలో ఆ లెక్క నిలవాలి. మన పంచరు షాపు లెక్కలో చెప్తే 26 పాయింట్లు. తప్పితే 16 సెకండ్ల శిక్ష. అందరికన్నా ముందు ఒంటరిగా పోతుంటే టైరు చల్లబడి గాలి పాయింట్లు పడిపోతాయి. వేరే బండి వెనకాల, దాని వేడిలో నడిపితే పెరుగుతాయి. అందుకని పదిహేను రౌండ్లపాటు తమ్ముని వెనకాలే ఓపిగ్గా నడిపి, మూడు రౌండ్లు మిగిలుండగా దాటేసి గెలిచినాడు. ఆ ఏడాది ఛాంపియన్ కూడా ఆయనే.

ఆ సాయంత్రం టీకొట్ల దగ్గర ఈ గాలి పాయింట్ల మాటే. గంటకు మూడు వందల కిలోమీటర్లు పోగలిగే బండిని చేతిలో పెట్టుకుని, నియమం కోసం వెనక్కి తగ్గిన మనిషిని మన పిల్లలు నోరారా మెచ్చుకున్నారు. కానీ చీకటి పడ్డాక బైపాస్ మీద వినబడే మోత వేరే కథ. సైలెన్సర్ విప్పిన ఆర్‌ఎక్స్ హండ్రెడ్లు, డ్యూకులు, అపాచీలు. హెల్మెట్ ట్యాంకు మీద, ఫోను వెనక కూర్చున్నవాని చేతిలో. పక్కనే హైదరాబాదు–బెంగళూరు జాతీయ రహదారి 44, దాని మీద రాత్రంతా లారీలు. రోడ్డు దాటే గొర్రెల మంద, లైటు లేని ట్రాక్టరు, డివైడరు సందులోంచి తోసుకొచ్చే స్కూటరు. అక్కడ ఏ మార్షల్ జెండా ఊపుతాడు?

పోలీసులు పట్టుకుంటారు, తప్పు లేదు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను కింద బహిరంగ స్థలంలో పందెం వేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారి దొరికితే ఏడాది, పదివేలు. పద్దెనిమిది నిండని పిల్లాడు బండితో తప్పు చేస్తే బండి ఇచ్చిన తండ్రికి 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఈ కేసులు ఎత్తేయమని మేము అడగడం లేదు. అదే 189వ సెక్షనులో ఒక ముక్క ఉంది, అది చదవండి అంటున్నాం: "రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా" పందెం వేస్తేనే నేరం. అంటే అనుమతి ఇచ్చే దారిని చట్టమే తెరిచి పెట్టింది. మన జిల్లాలో ఆ దారిన ఎవరూ నడవలేదు, అంతే.

మేము అడిగేది చిన్నది. ఊరికి దూరంగా, సాగులో లేని ప్రభుత్వ బీడు పది పదిహేను ఎకరాలు. అందులో చుట్టూ కంచె వేసిన ఒక కిలోమీటరు మట్టి ట్రాక్. నెలకు ఒక ఆదివారం, తెల్లవారి నుంచి ఎండ ముదిరే లోపల, అనుమతితో, అంబులెన్సుతో, బండి తనిఖీతో నడిపించాలి.

తారు రోడ్డు కాకుండా మట్టి ఎందుకు అంటారేమో. బురిరామ్ పోడియం మీద నిలబడ్డ ముగ్గురినీ చూడండి. మార్కెజ్ అన్నదమ్ములది స్పెయిన్‌లో సెర్వెరా అనే చిన్న ఊరు. ప్రపంచ పందేల్లో గెలిచేవాళ్లయినా సాధనకు యెయిదా దగ్గరున్న రుఫేయా మట్టి ట్రాక్‌కే పోతారు. మూడోవాడు బన్యాయా ఇటలీలో వాలెంటినో రోసి శిష్యుడు. రోసి తన సొంతూరు తవులియాలో పొలంలాంటి జాగాలో మట్టి ట్రాక్ వేసుకుని కుర్రాళ్లకు నేర్పిస్తాడు. 2023 సెప్టెంబరులో మన దేశంలో, గ్రేటర్ నోయిడాలో జరిగిన ఒకే ఒక్క మోటోజీపీ పందెం గెలిచిన బెజెక్కి కూడా ఆ మట్టిలో నేర్చినవాడే. మట్టి మీద చక్రం జారుతుంది. జారే చక్రాన్ని తక్కువ వేగంలోనే కాచుకోవడం అలవాటవుతుంది. పడినా ఎక్కువగా గీరుకుపోవడమే, బూట్లు, గ్లౌజులు ఉంటే అదీ తక్కువ. మిగిలిన ఖర్చుల సంగతి ఎలా ఉన్నా మట్టికి మాత్రం మన జిల్లాలో కరువు లేదు.

పెద్ద సర్క్యూట్ కట్టండి, ప్రపంచ పందెం తెప్పించండి అని అడిగేవాళ్లతో మాకు పొత్తు లేదు. నోయిడా పందెం ఒక్క ఏడాదితో ఆగింది, 2024లో రద్దయింది. హైదరాబాదులో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల పందెం జరిగింది, మరుసటి ఏడాది అదీ లేదు, మిగిలింది కేసులూ రాజకీయాలూ. అరువు తెచ్చిన పండగలు అలాగే ఉంటాయి. పోనీ మన పిల్లాడు నిజంగా పందేల్లోకి పోవాలంటే? పేరున్న ట్రాకులు చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టై, అటు కోయంబత్తూరు. బండిని మినీ లారీలో వేసుకుని, రెండు రోజులు పని మానుకుని పోవాలి. షెడ్డులో రోజుకూలికి పనిచేసే పిల్లాడు ఆ ఖర్చు భరించగలడా?

కరువు జిల్లాకు ఈ సోకులెందుకన్న ప్రశ్న మాకు తెలుసు. అడిగేవాళ్ల మీద కోపం లేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, వేరుశనగ ఎండిపోతే బెంగళూరు బస్సు, ఇది మా ఇళ్లలోనూ జరిగేదే. హంద్రీనీవా నీళ్లకు పెట్టే డబ్బులోంచి ఒక్క రూపాయి దీనికి తియ్యొద్దు. కానీ బురిరామ్ ఎక్కడుందో కూడా చూడండి. ఇసాన్ అనే ఆ ఈశాన్య ప్రాంతం థాయ్‌లాండ్‌లో పేదది, అక్కడివాళ్లు చాలామంది బ్యాంకాక్‌కు వలసపోయి టాక్సీలు నడిపి బతుకుతారు. అక్కడ 2014లో ట్రాక్ కట్టినారు, 2018 నుంచి మోటోజీపీ జరుగుతోంది. మనకు అంత అక్కర్లేదు. వెనకబడ్డ జిల్లాకు ఆట సోకు అనుకోవడమే పొరపాటని చెప్పడానికి అది చాలు.

అంత దూరం ఎందుకు, మన ఊరే ఉంది. 1920లో బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడికొచ్చి ఆర్డీటీ సేవా సంస్థను పెట్టినారు. ఆ సంస్థ స్టేడియంలోనే 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచులు జరిగాయి. 2010లో టెన్నిస్ ఆటగాడు నడాల్ పేరుతో టెన్నిస్ బడి వచ్చింది, పల్లె పిల్లలు రాకెట్ పట్టినారు. కరువు సీమలో టెన్నిసేంటని అప్పుడూ నవ్వి ఉంటారు.

ప్రాణాల సంగతి దాటవేయం. 2023 ఆగస్టులో ఇరుంగట్టుకోట్టైలో పందెం మధ్యలో పదమూడేళ్ల బెంగళూరు పిల్లాడు పడి చనిపోయాడు. అక్కడ నియమాలున్నాయి, అంబులెన్సు ఉంది, అయినా పోయాడు. 2021లో ఐరోపాలో కుర్ర రేసర్లు వరుసగా చనిపోయాక, ప్రపంచ పోటీలకు కనీస వయసును 2023 నుంచి, కొద్ది మినహాయింపులతో, 18కి పెంచినారు. అందుకని మన ట్రాక్ మీద పద్దెనిమిది నిండనివాళ్లకు పందెం వద్దు. నేర్పండి, అమ్మానాన్నల సంతకంతో, చిన్న బండి మీద, ఒక్కొక్కరిగా. పందెం మాత్రం వద్దు. దీని మీద మాలోనే కొందరికి అసంతృప్తి ఉంది, అయినా ఈ మాట మార్చం. నేర్చుకోవాలనుకునే ఆడపిల్లలకు ట్రాక్ గేటు దగ్గర ఎవరూ అడ్డం నిలబడకూడదని కూడా ఇక్కడే రాసుకుంటున్నాం.

నియమాలు పెడితే మనవాళ్లు వింటారా అంటే, బండలాగుడు పోటీలు చూడని పల్లె మన సీమలో ఉందా? ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసి పాలపళ్ల విభాగమా, రెండు పళ్లా, నాలుగు పళ్లా అని తేలుస్తారు. ఇచ్చిన గడువులో బండ ఎన్ని అడుగులు కదిలిందో టేపు పెట్టి కొలుస్తారు. వేలమంది తాడు అవతలే నిలబడతారు, తాడు దాటినవాణ్ణి ఊరిపెద్ద నలుగురిలో తిట్టి వెనక్కి పంపుతాడు. మోటో త్రీ, మోటో టూ, మోటోజీపీ అని ఇంజను సైజును బట్టి విడగొట్టడం అంతకన్నా కష్టమైన లెక్కేం కాదు. ఆ పోటీలు నడిపిన పెద్దమనుషులే మా ట్రాక్ దగ్గర జనాన్ని అదుపులో పెట్టడానికి రావాలని కోరుతున్నాం. వాళ్ల గొంతుకు మైకు కూడా అక్కర్లేదు.

మిగతా ఏర్పాట్లు తేలికే. దేశంలో మోటారు పందేలకు లైసెన్సులు, నియమాలు ఎఫ్‌ఎంఎస్‌సీఐ చూస్తుంది. దాని గుర్తింపు ఉన్న క్లబ్బును పిలిచి ట్రాక్ గీయించాలి. బండి తనిఖీకి మన షెడ్డు మేస్త్రీలు చాలు: బ్రేకు, చైను, టైరు, యాక్సిలరేటరు వదిలితే వెనక్కి వస్తోందా లేదా. సమయం కొలవడానికి ఇంజనీరింగు కాలేజీ పిల్లలు. దుమ్ముకు తాగునీళ్లు చల్లడానికి ఒప్పుకోం. మురుగు శుద్ధి చేసిన నీళ్లు దొరికితే చల్లుదాం, లేదంటే వానలు పడి నేల తడిసి ఉండే నెలల్లోనే నడుపుదాం. హెల్మెట్లు, గ్లౌజులు, మోకాలి కవచాలు పదిపదిహేను జతలు ట్రాక్ దగ్గరే ఉండాలి, కొనలేనివాడు తీసుకుని వాడి తిరిగి ఇచ్చేటట్టు. వాటి ఖర్చు బండ్లు అమ్మే షోరూములు పెట్టుకోవడం న్యాయం. పిల్లలకు రేసింగు స్టిక్కర్లు చూపించి బండి అంటగట్టేది వాళ్లే కదా.

ఎస్పీ గారికి మా వైపు నుంచి ఒక మాట. ట్రాక్ వచ్చాక కూడా బైపాస్ మీద చక్రం లేపినవాడికి ట్రాక్‌లో ఏడాది ప్రవేశం ఉండదు. ఆ పేర్ల జాబితా మీరిచ్చినా సరే, మేమే పట్టి ఇచ్చినా సరే.

మోటోజీపీ సీజను ఏటా ఫిబ్రవరి, మార్చిలో మొదలవుతుంది. రాబోయే తొలి పందెం లోపల స్థలం చూసి, 189వ సెక్షను కింద అనుమతికి ఫైలు కదపమని జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాం. ఆ పందెం రోజున పెద్ద తెర కట్టి అందరం ఒకచోట చూడటానికి క్రీడాశాఖ వాళ్లు ఒక మైదానం ఇస్తే ఇంకా సంతోషం.

కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే వేళకు మేము వినతిపత్రం ఇస్తాం. అంతకుముందే మెకానిక్ షెడ్లలో సంతకాల కాగితాలు ఉంటాయి. పేరు, ఊరు, వయసు రాయండి, పద్దెనిమిది నిండనివాళ్లు అమ్మతోనో నాన్నతోనో సంతకం చేయించండి. సోమవారం బండ్ల మీద వచ్చేవాళ్లు హెల్మెట్ పెట్టుకుని, ఇద్దరికి మించకుండా రండి. సైలెన్సర్ విప్పిన బండి ఉన్నవాళ్లు దాన్ని ఇంట్లో పెట్టి ఆటోలో రండి.

ఇట్లు,
అనంతపురం మోటారుసైకిల్ పందేల అభిమానులు