బోన్సాయ్‌ని కాదు, నర్సరీని తిట్టండి

తెలుగు కవులకి బోన్సాయ్ అంటే ఎక్కడలేని జాలి. అపార్ట్‌మెంటు బతుకు బోన్సాయ్. కార్పొరేట్ కాలేజీ పిల్లాడు బోన్సాయ్. వంటింట్లో మగ్గిపోయిన ఇల్లాలు బోన్సాయ్. ఊరొదిలి అమెరికా వచ్చిన నాలాంటివాడైతే చెప్పనక్కర్లేదు. చివరికి నాలుగు పాదాల కవితని తీసిపారేయాలన్నా అదే మాట. ఇంతమంది ఇన్నిసార్లు వాడేసిన ఈ చెట్టు దగ్గరికెళ్ళి చూసినవాళ్ళు ఎంతమంది?

అబ్బూరి ఛాయాదేవి గారి ‘బోన్‌సాయ్ బ్రతుకు’తో నాకు పేచీ లేదు. ఆడపిల్లల పెంపకాన్ని ఆ చెట్టులో చూడటం ఆవిడ సొంత చూపు. నా గొడవంతా ఆ చూపుని ఇన్నేళ్ళుగా జిరాక్స్ తీస్తున్న మనతోనే.

సియాటిల్ దగ్గర ఒక నర్సరీలో మూడేళ్ళ కిందట ఒక సీడర్ కొన్నాను. ఇక్కడ ‘సీడర్’ అని ఊరంతా పిలిచే చెట్టు నిజానికి థూజా. అసలు సీడర్లు వేరే: మొరాకో, అల్జీరియా కొండల్లో అట్లాస్ సీడర్, లెబనాన్‌లో ఒకటి, సైప్రస్‌లో ఒకటి, మన హిమాలయాల్లో దేవదారు. నాది నీలి అట్లాస్ సీడర్. పైన అట్లాస్ అన్నమాటే గానీ కింద వేరు చాలామటుకు దేవదారుదే అయ్యుంటుంది, ఎందుకంటే నర్సరీల వాళ్ళు ఎక్కువగా అలాగే అంటు కడతారు.

నల్ల ప్లాస్టిక్ కుండీలోంచి బయటికి లాగినప్పుడు కనబడిన దృశ్యం మన కవులు చూడాల్సింది. వేళ్ళు దారి దొరక్క కుండీ గోడ వెంబడి గుండ్రంగా తిరిగీ తిరిగీ ఒకదాన్నొకటి చుట్టేసుకున్నాయి. అలాగే తీసుకెళ్ళి నేలలో పాతితే కొన్నేళ్ళకి ఆ వేళ్ళే లావెక్కి కాండాన్ని నొక్కేస్తాయి. పైన కాండాన్ని వెదురు కర్రకి నిటారుగా కట్టేశారు. పక్కన అదే ఎత్తు, అదే రంగు, అదే ధర చీటీతో వరసగా ఇంకో నలభై చెట్లు. ఇంతకీ ఇది బోన్సాయ్ కాదు. ఎవ్వరూ జాలిపడని మామూలు నర్సరీ మొక్క.

దాన్ని బోన్సాయ్ చేయడమంటే మొదటి పని ఆ ముడి విప్పడం. చలికాలం చివర, మొగ్గలు విచ్చకముందు, చుట్టుకున్న వేళ్ళని కొక్కెంతో దువ్వి, కాండాన్ని నొక్కేవాటిని తీసేసి, నీరు నిలవని గరుకు మట్టిలో పెట్టాలి. అదీ ఒక్కసారే కాదు. ఈ ఏడు సగం వేళ్ళు, మిగతా సగం ఇంకో ఏడాదో రెండేళ్ళో ఆగి. సీడర్‌కి వేళ్ళు కదిపితే కోపం, సూదులన్నీ రాల్చేస్తుంది. వేళ్ళు ముట్టుకున్న ఏడు కొమ్మల జోలికి గట్టిగా పోకూడదు. పచ్చదనం బొత్తిగా మిగల్చకుండా కొట్టేసిన కొమ్మ మళ్ళీ చిగురించే ఆశ తక్కువ. తీగ చుట్టి వంచితే మాట వినదు, తీగ తీయగానే మళ్ళీ పైకి లేస్తుంది. మళ్ళీ చుట్టాలి. అలాగని వదిలేస్తే కొమ్మ లావెక్కి తీగ బెరడులోకి దిగిపోతుంది. అంచేత వారం వారం చూసుకోవాలి. వేసవిలో రోజూ నీళ్ళు, ఎదిగే కాలంలో ఎరువు. ఆకలితో మాడ్చి చిన్నది చేస్తారన్నది ఒట్టి అపోహ. రేపు నేలలో పెడితే అది మళ్ళీ మానుగా పెరగడానికే చూస్తుంది.

ఇప్పుడు ఉపమానం దగ్గరికి రండి. నేను ఇంటర్ చదివింది ఒక రెసిడెన్షియల్ కాలేజీలో. రేకుల షెడ్డు, రెండేళ్ళు, సెక్షన్‌కి ఎనభైమంది. అక్కడ నన్నెవరూ బోన్సాయ్ చేయలేదు. బోన్సాయ్ చేయాలంటే ఎవరో ఒకరు నా ఒక్కడి వంకే చూడాలి, ఏ కొమ్మ ఎటు పోతోందో గమనించాలి, నాకోసం ఒక ఏడు ఆగాలి. మాకు జరిగింది నర్సరీ. ఒకే కుండీ, ఒకే కర్ర, మెడలో ర్యాంకు చీటీ. పాడైన మొక్క స్థానంలో ఇంకో మొక్క. దీన్ని బోన్సాయ్ అనే కవి, తెలియకుండానే ఆ యాజమాన్యానికి తోటమాలి గౌరవం కట్టబెడుతున్నాడు.

చదువు మాన్పించి పద్నాలుగేళ్ళకి పెళ్ళి చేసిన తండ్రి విషయమూ అంతే. ఆ పిల్లని కొమ్మకొమ్మా చూసి పెంచినవాడా ఆయన? మనం కాపీ కొట్టిన ఉపమానం పీడకుడికి లేని శ్రద్ధని అంటగడుతోంది. నా అభ్యంతరం ముఖ్యంగా ఇక్కడే.

“ఇంతకీ ఆ చెట్టుని అడిగావా?” అంటారు. అడగలేదు. అధికారం నాదే, దాచను. కానీ ఆ అధికారానికి జవాబు చెప్పే చోటు ఉంది. నా చెయ్యి ఎక్కువైతే సూదులు పసుపెక్కుతాయి, నేను ఆగితీరాలి. ఆగకపోతే చెట్టుండదు, నా పనీ ఉండదు. మా కాలేజీలో పసుపెక్కినవాడిని చూసి ఎవరూ ఆగలేదు.

జాలి బ్యాచ్‌కి అన్నదమ్ముల్లాంటివాళ్ళు ఇంకొకళ్ళున్నారు: ‘గంటలో బోన్సాయ్’ బ్యాచ్. నర్సరీ మొక్క తెచ్చి, ఒక్క పూటలో ముప్పాతిక కొమ్మలు నరికి, వేళ్ళు కోసి, అందమైన పళ్ళెంలో పెట్టి ఫొటో తీస్తారు. ఆర్నెల్ల తర్వాతి ఫొటో మాత్రం ఎప్పుడూ రాదు. మన సాహిత్యంలోనూ వీళ్ళున్నారు. నాలుగు పాదాలుగా విరిస్తే నానీ, మూడుగా విరిస్తే హైకూ. కొందరి తొందరపాటుని చూపించి ‘బోన్సాయ్ కవిత్వం’ అని మొత్తం చిన్న రూపాన్నే తిట్టేవాళ్ళు మాత్రం ఇస్మాయిల్ గారిని ఏం చేస్తారు? ‘చెట్టు నా ఆదర్శం’ రాసిన కవే ‘కప్పల నిశ్శబ్దం’ హైకూలూ రాశారు. ఆయనకి రెండింటికీ తగువు కనబడలేదు.

వాషింగ్టన్ డీసీలోని నేషనల్ ఆర్బోరేటంలో ఒక తెల్ల పైన్ ఉంది. 1625 నుంచీ కుండీలోనే పెరుగుతోంది. 1945 ఆగస్టు 6న హిరోషిమాలో బాంబు పడినప్పుడు అక్కడికి రెండు మైళ్ళలోపే, యమాకి కుటుంబం ఇంట్లో ఉంది. బతికింది. 1976లో మసారు యమాకి దాన్ని, ఆ బాంబు వేసిన దేశానికే కానుకగా ఇచ్చారు. ఆ సంగతి ఇక్కడివాళ్ళకి తెలిసింది 2001లో, ఆయన మనవళ్ళు వచ్చి చెప్పినప్పుడు. దాదాపు నాలుగు వందల ఏళ్ళు ఎవరో ఒకరు రోజూ నీళ్ళు పోస్తేనే నిలబడిన చెట్టు అది. దాన్ని పట్టుకుని ‘ఎదగని బతుకు’ అనాలంటే నాకు నోరు రాదు.

అంతదూరం ఎందుకు, రఘువంశం రెండో సర్గ తీయండి. అక్కడ దేవదారుని శివుడు కొడుకుగా స్వీకరిస్తాడు, పార్వతి నీళ్ళు పోసి పెంచుతుంది. ఏనుగు ఒళ్ళు రుద్దుకుని బెరడు ఊడదీస్తే కన్నబిడ్డకి దెబ్బ తగిలినట్టు బాధపడుతుంది. పెంపకమంటే కాళిదాసుకి ఆ బాధే.

కవులకి బోన్సాయ్‌ని నిషేధించమని అనడం లేదు. వాడుకోండి. కాకపోతే ఈసారి ఏదైనా కవితలో బోన్సాయ్ కనబడితే నేను ఒక్కటే అడుగుతాను: ఆ చెట్టుకి నీళ్ళు పోస్తున్నది ఎవరు? కవితలో ఆ మనిషి లేకపోతే, అది బోన్సాయ్ గురించి రాసిన కవిత కాదు.