అన్నీ చదివే ఫోను, కొన్నే చదివే కోడలు

మా అత్తమ్మకు చూపు తగ్గి నాలుగేళ్లవుతోంది. షుగర్ కళ్ల మీదికొచ్చింది. ఎదురుగా నిలబడితే మనిషిని పోల్చుకుంటారు, బియ్యంలో రాయి చేతికి తగిలితే ఏరేస్తారు. అక్షరం మాత్రం కనపడదు. ఏడో తరగతి దాకా చదువుకున్న మనిషి. ఒకప్పుడు వారపత్రిక వస్తే ఇంట్లో మొదట ఆవిడ చదివిన తర్వాతే మిగతావాళ్లు. అలాంటావిడకు ఈ నాలుగేళ్లుగా ఫోనులో ఏం వచ్చినా చదివి వినిపించేది నేనే.

వినిపించేదాన్ని అన్నాను గానీ, అన్నీ వినిపించేదాన్ని కాదు. ఈరోజు రాస్తున్నది దాని గురించే.

మొన్న దసరా సెలవులకు మా చిన్నోడు హాస్టల్ నుంచి వచ్చాడు. "నానమ్మా, నీ ఫోనుకు మాటలు నేర్పిస్తా" అని కూర్చున్నాడు. సెట్టింగుల్లో ఏవో నొక్కి, తెలుగు గొంతు దింపి, అరగంటలో తయారుచేశాడు. తెర మూలన చిన్న బొమ్మ వచ్చింది. దాన్ని ముట్టుకుని, తర్వాత మెసేజ్‌ను ముట్టుకుంటే చాలు, ఒక ఆడగొంతు చదివేస్తుంది.

మొదట రీచార్జి కంపెనీవాళ్ల మెసేజ్ చదివింది. అత్తమ్మ పకపకా నవ్వి, "గీమె మన స్టేషన్ల మాట్లాడే ఆమె లెక్కనే ఉందిరా" అన్నారు. మాది ఫలక్‌నుమా. రాత్రి సద్దుమణిగాక రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్లు మా ఇంట్లోకి వినపడతాయి. నిజంగానే ఆ గొంతు పోలిక ఉంది.

"ఇంకా సదివియ్" అన్నారు. వాడు పాత మెసేజ్‌ల మీదికి పోయాడు. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న నాకు జడ్చర్ల మెసేజ్ వినపడింది. అత్తమ్మ తమ్ముడి భార్య పెట్టింది. వాళ్ల మనవరాలితో రాయించినట్టుంది, అంతా తెలుగు లిపిలోనే ఉంది.

"వదినా బాగున్నవా. ఆయనకు మంచం మీదికెల్లి లేవస్తలేదు. అక్కను ఒకసారి చూడాలె అంటున్నడు. మొన్న గూడ పెట్టిన. చూసినవో లేదో."

రీచార్జి మెసేజ్ ఎంత చల్లగా చదివిందో, దీన్నీ అంతే చల్లగా చదివింది.

ఆ మెసేజ్ వచ్చి పంతొమ్మిది రోజులైంది. వచ్చిన రోజు నేను చూశాను. "జడ్చర్ల నుంచి అత్తమ్మా, బాగున్నవా అని అడిగిన్రు" అని మొదటి రెండు మాటలు మాత్రం చెప్పాను. ఆ వారం ఆవిడకు షుగర్ ఎక్కువగా ఉంది. మా ఆయనకు నైట్ డ్యూటీలు. చెబితే రేపే పోదామంటారు, తీసుకుపోవాల్సింది నేనే. నాలుగు రోజులాగి చెబుదాంలే అనుకున్నాను. నాలుగు పది అయింది, పది పంతొమ్మిది అయింది.

అత్తమ్మ నన్ను పిలిచి ఒకటే అడిగారు. "నువ్వు సదవలేదా, సదివి చెప్పలేదా?"

రెండూ వేరువేరు ప్రశ్నలని ఆవిడకు తెలుసు. రెండోదే అని ఒప్పుకున్నాను. తిట్టలేదు. "రేపు పోదాం" అన్నారు, అంతే.

మర్నాడు కాచిగూడ వెళ్లి మహబూబ్‌నగర్ రైలెక్కాం. జడ్చర్లలో ఆయన మంచంలో ఉన్నారు గానీ, మాట బాగానే ఉంది. "గిన్ని దినాలకు యాదికొచ్చిన్నా అక్కా?" అని అడిగారు. నేను తల దించుకున్నాను. అత్తమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుని, "కండ్లు కనిపిస్తలేవు కదరా, ఫోను సూడలే" అన్నారు. నా తప్పును తన కళ్ల మీద వేసుకున్నారు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

మనలో చాలామందిమి ఇంట్లో ఎవరో ఒకరికి చదివి పెడుతూనే ఉంటాం. చదువు రాని అమ్మకు, కళ్లు సరిగా లేని మామయ్యకు, తెలుగు రాని అద్దెవాళ్లకు. అది సేవ అనుకుంటాం. సేవే, కాదనను. కానీ దాంట్లో పెత్తనం కూడా ఉంది. ఏది చదవాలి, ఏది దాటెయ్యాలి, ఎప్పుడు చెప్పాలి అన్నీ మన చేతిలోనే. వాళ్ల మంచికే అని దాస్తాం. ఆ మంచిలో మన బద్ధకం, మన భయం, మన సౌకర్యం ఎంతెంత కలిసి ఉన్నాయో మనకే తెలియదు.

మా పక్కింటి ఖాలాతో ఈ మాట అంటే ఆవిడ నవ్వారు. పెళ్లయిన కొత్తలో ఆవిడ భర్త సౌదీలో ఉండేవారట. ఉర్దూలో ఉత్తరం వచ్చేది. ఖాలాకు చదవడం రాదు, గల్లీలో ఒక పిల్లాడు చదివిపెట్టేవాడు. "నా మొగుడు నాకు రాసింది నాకంటే ముందు గల్లీకి తెలిసేది" అన్నారు. తర్వాత క్యాసెట్లు వచ్చాయి. గల్ఫ్ నుంచి టేపులో మాటలు నింపి పంపేవారు. ఆ క్యాసెట్టును తలుపు వేసుకుని ఒక్కతే వినేదట. "అప్పుడు అనిపించింది, ఇది నా ఉత్తరం అని." ఇంకొకరి నోటి గుండా రాకుండా తన ఉత్తరం తన చెవికి చేరడం అంటే ఏమిటో ఖాలాకు నలభై ఏళ్ల కిందటే తెలుసు. నాకు మొన్న తెలిసింది.

ఇప్పుడు అందరూ వాయిస్ మెసేజ్‌లే పెడుతున్నారు, ఇక ఈ చదివే ఫోను ఎందుకు అనొచ్చు. చుట్టాలు పెడతారు. బ్యాంకు పెట్టదు, కరెంటు ఆఫీసు పెట్టదు, ఆసుపత్రి పెట్టదు, పిల్లల బడి పెట్టదు. మన బతుకులకు అవసరమైనవన్నీ అక్షరాల్లోనే వస్తాయి.

ఈ యంత్రం నిన్న మొన్నటిది కాదు. 1976లోనే అమెరికాలో రే కర్జ్‌వైల్ అనే ఆయన అచ్చు పుస్తకాన్ని పైకి చదివే యంత్రాన్ని అంధుల కోసం బయటికి తెచ్చాడు. బల్లమీద పెట్టాల్సినంత పెద్దది. కళ్లు లేని గాయకుడు స్టీవీ వండర్ ఒకటి కొనుక్కున్నాడు. మామూలు ఇల్లాలి అందుబాటులో ఉండే వస్తువు కాదది. ఇప్పుడు అదే పని చిన్న ఫోను చేస్తోంది, అదీ తెలుగులో. మన గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో తెలుగును పలికించే పని ఏళ్లుగా సాగింది. మన భాషలన్నిటికీ గొంతులు తయారుచేసే పనిని మద్రాసు ఐఐటీ ముందుండి నడిపింది. 2022లో కేంద్ర ప్రభుత్వం భాషిణి మొదలుపెట్టింది. కిరాణా కొట్లో డబ్బులు పడగానే తెలుగులో అరిచే సౌండ్ బాక్సూ ఈ కుటుంబంలోదే. చదువు రాని కూరగాయలమ్మ ఇప్పుడు ఎవరి ఫోనులోకీ తొంగి చూడకుండా తన డబ్బు వచ్చిందో లేదో తెలుసుకుంటోంది.

తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి ఉచ్చారణ గురించి చెప్పకుండా ఉండలేను. రాసినట్టే పలికే భాష మనది, యంత్రానికి సులువే కదా అనుకుంటాం. కానీ "చాప"లో చ, "చీర"లో చ ఒకటేనా? మొదటిది దంత్యం. "జొన్న"లో జ కూడా అంతే. వాటికి ౘ, ౙ అనే వేరే గుర్తులు ఉన్నా మనం రాయడం మానేశాం. చదివేటప్పుడు మన నాలుకకు తెలుస్తుంది, యంత్రం నేర్చుకోవాలి. మా ఫోను కొన్నిసార్లు చుట్టాలను కూడా చీరలో చతోనే పలికి, అత్తమ్మ చేత చీవాట్లు తింటుంది. "వచ్చాడు" అని మనం నోటితో అనే తీరు వేరు, అది పలికే తీరు వేరు. అయినా అర్థం కాకపోవడం లేదు.

దానికి అసలు కష్టం వచ్చేది మన రాతలతోనే. మా ఆడపడుచు "amma ela unnav" అన్న బాపతు ఇంగ్లీషు అక్షరాల తెలుగు రాస్తుంది. ఫోను దాన్ని దొరల యాసలో చదివితే అత్తమ్మ, "గిదేం భాషనే?" అని అడిగారు. అందుకే అందరికీ నా మొదటి మనవి: ఇంట్లో పెద్దవాళ్లకు మెసేజ్ పెట్టేటప్పుడు తెలుగు లిపిలోనే పెట్టండి. టైపు చేయడం కష్టమైతే కీబోర్డు మీద మైకు బొమ్మ నొక్కి మాట్లాడండి, అదే తెలుగులో రాసిపెడుతుంది. మా ఆడపడుచు ఇప్పుడు అలాగే చేస్తోంది.

రెండో మనవి పుస్తకాలు, పత్రికలు వేసేవారికి. కంప్యూటర్ల ఉమ్మడి లిపి పట్టిక యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కానీ మన అచ్చు పనిలో అను లాంటి ఫాంట్లే ఏళ్లకేళ్లు నడిచాయి. అందులో టైపు చేసింది కంటికి తెలుగే, యంత్రానికి మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు. మిగతావి పేజీల ఫొటోలు తీసి పెట్టిన పీడీఎఫ్‌లు. చూపు లేనివారికి పుస్తకాలు అందాలన్న మరాకేష్ ఒప్పందాన్ని ప్రపంచంలో మొదట ఆమోదించిన దేశం మనదే, 2014లో. ఆమోదం మొదటిదైతే సరిపోదు. అత్తమ్మ అడిగిన పాత నవల నెట్‌లో దొరికింది, ఫోను ఒక్క వాక్యం చదవలేకపోయింది.

మీ ఇంట్లో ఎవరికైనా పెట్టాలనుకుంటే నాకు తెలిసినంత చెబుతాను. ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలోకి వెళ్తే సెలెక్ట్ టు స్పీక్ అని ఉంటుంది, అది ఆన్ చేయాలి. కొన్ని ఫోన్లలో లేకపోతే ఆ పేరుతోనే వెతకండి. టెక్స్ట్ టు స్పీచ్ దగ్గర తెలుగు గొంతును డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఒకసారి దిగాక నెట్ లేకపోయినా చదువుతుంది. వేగం కొంచెం తగ్గించండి. దాని పక్కనే టాక్‌బ్యాక్ అని ఇంకొకటి ఉంటుంది. అది బొత్తిగా చూపు లేనివారికి. అది ఆన్ చేస్తే ఒకసారి ముట్టుకుంటే చదువుతుంది, రెండుసార్లు తడితేనే తెరుచుకుంటుంది. తెలియక నొక్కి ఫోను పాడైందని కంగారు పడకండి. సౌండ్ మీటలు రెండూ కలిపి కాసేపు పట్టుకుంటే చాలా ఫోన్లలో ఆగిపోతుంది. ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూపు తగ్గినవారికి ఇలాంటివి నేర్పించే విభాగం ఉంది.

రెండు జాగ్రత్తలు. ఒకటి, ఇయర్‌ఫోన్ తప్పనిసరి. లేకపోతే ఓటీపీ నంబరు, బ్యాంకులో ఎంతుందో బస్సంతా వింటారు. ఫోనులో చదివింది కదా అని మోసగాళ్ల మెసేజ్ నిజమైపోదని కూడా చెప్పాలి. రెండు, మందుల పేర్లు, మోతాదుల విషయంలో దాన్ని నమ్మొద్దు. అక్కడ మనిషి కళ్లే కావాలి.

ఇవన్నీ చెప్పాక అసలు భయం ఒకటి మిగిలింది. ఫోనే చదువుతుంది కదా అని మనం పక్కన కూర్చోవడం మానేస్తామేమో. తమ్ముడు మంచం పట్టాడన్న మాటను రీచార్జి మాటలా చదివే గొంతు అది. ఆ కబురు విన్నప్పుడు భుజం మీద చెయ్యి వేయదు. అందుకని మా ఇంట్లో ఒక ఒప్పందం చేసుకున్నాం. మెసేజ్‌లు ఆవిడే వింటారు. కథలు, నవలలు నేను చదువుతాను, మధ్యాహ్నం అంట్లు అయ్యాక ఒక గంట. అందులో పేజీలు దాటేస్తే కూడా ఇప్పుడు పట్టేస్తున్నారు.

ఒక్కటి ఒప్పుకోవాలి. ఆవిడకు ఏం వస్తోందో ఇప్పుడు నాకు తెలియడం లేదు. కొంచెం వెలితిగానే ఉంది. నిన్న ఇయర్‌ఫోన్ పెట్టుకుని చాలాసేపు విని, తీసి, దిండు కింద పెట్టారు. ఉండబట్టలేక "ఎక్కడినుంచి అత్తమ్మా?" అని అడిగాను.

"జడ్చర్ల నుంచి. బాగున్నవా అని అడిగిన్రు" అన్నారు నవ్వుతూ.