నీటి నిజాన్ని దేవుడికి వదిలేద్దామా?

స్విట్జర్లాండులో బాసెల్ నగరానికి దగ్గర్లో, జురా కొండల నడుమ లౌజెన్ అని ఒక చిన్న ఊరుంది. 1872 ఆగస్టులో ఆ ఊళ్లో ఉన్నట్టుండి టైఫాయిడ్ చెలరేగింది. సుమారు 800 మంది ఉన్న ఊళ్లో 130 మంది దాకా మంచం పట్టారు. సొంత బావి నీళ్లు వాడుకునే కొద్ది ఇళ్ల జోలికి మాత్రం జబ్బు రాలేదు. మిగతా ఊరంతా తాగేది కొండ పాదాన పుట్టే ఊట నీళ్లే. ఆ ఊట దగ్గర మురికి లేదు, పేడకుప్పలు లేవు. చూస్తే తేటగా ఉండేది.

హేగ్లర్ అనే వైద్యుడు కారణం వెతుక్కుంటూ కొండకు అవతలి లోయలోకి వెళ్లాడు. అక్కడ ఒక రైతు ఇంట్లో జూన్‌లోనే టైఫాయిడ్ వచ్చింది. ఆ ఇంటి మరుగుదొడ్డి మురికీ, రోగుల బట్టలు ఉతికిన నీళ్లూ పక్క వాగులో కలిసేవి. జూలైలో ఆ వాగు నీళ్లను పచ్చిక భూములకు పారించారు. ఆ తర్వాత కొద్ది వారాలకే ఇవతలి ఊరు జ్వరాన పడింది. అనుమానం తీర్చుకోవడానికి అవతలి లోయలో వాగు ఇంకే గుంతలో ఉప్పు కుమ్మరించారు. లౌజెన్ ఊట ఉప్పగా మారింది. తర్వాత పిండి కలిపి చూశారు. పిండి మాత్రం ఇవతలికి రాలేదు. పిండిని ఆపిన నేల రోగాన్ని ఆపలేకపోయిందన్నమాట.

ఈ కథలో మనసును కలచివేసే సంగతి మరొకటుంది. అంతకు పదేళ్ల క్రితమే ఆ వాగు ఒడ్డున నేల కుంగి గుంత పడింది. వాగును అందులోకి మళ్లిస్తే నీళ్లన్నీ మాయమయ్యాయి. కాసేపటికే లౌజెన్ ఊట ఉరవడిగా, బురద బురదగా పొంగింది. అంటే ఆ రెండు చోట్లకూ సంబంధం ఉందని జనం కళ్లారా చూశారు. చూసి వింతగా చెప్పుకున్నారు, తర్వాత ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. రైతు కుటుంబం ఎవరికీ కీడు తలపెట్టలేదు. ఊరివాళ్లు ఎవరికీ ద్రోహం చేయలేదు. ఒకరిని వేలెత్తి చూపలేని తప్పు అది. అందుకే అది అందరి తప్పు.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటాం. సున్నపురాయి నేలలో ఈ సామెతను ఒకసారి ఆగి ఆలోచించాలి. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొంచెం పుల్లబడుతుంది. ఆ పులుపు సున్నపురాయి బీటలను వేల ఏళ్లపాటు కరిగిస్తూ పోతుంది. వెంట్రుకవాసి పగుళ్లు సొరంగాలవుతాయి, సొరంగాలు గుహలవుతాయి. ఇసుక నేలలో నీరు నెమ్మదిగా వడకట్టుకుంటూ సాగితే, ఇక్కడ ఒక్క రోజులో కిలోమీటర్లు పరుగెత్తగలదు. పైనున్న కొండ ఎటు వాలినా దానికి పట్టదు, కొండ కింది నుంచే అవతలి ఊరికి దాటిపోతుంది. ప్రపంచ జనాభాలో దాదాపు పదో వంతు మంది ఇలాంటి నేలల నీళ్ల మీదే ఆధారపడి ఉన్నారు. మన కంటికి కనిపించే పల్లం ఈ నీటికి దారి చూపదు. అయితే దాని నిజం దేవుడికొక్కడికే తెలియాల్సిన రహస్యమూ కాదు. మనిషి తెలుసుకోగలడు. తెలుసుకోగలిగి తెలుసుకోకపోవడం దగ్గరే మన బాధ్యత మొదలవుతుంది.

తెలుసుకునే విద్య కొత్తదేమీ కాదు. జర్మనీలో డాన్యూబ్ నది ఇమ్మెండింగెన్ దగ్గర తన అడుగులోకి తానే ఇంకిపోతుంది. ఆ నీళ్లు 12 కిలోమీటర్ల అవతల ఆఖ్ అనే పెద్ద ఊటగా పైకి వస్తున్నాయేమోనని అక్కడివాళ్ల అనుమానం. 1877లో అడాల్ఫ్ క్నోప్ అనే శాస్త్రవేత్త నది ఇంకేచోట 20 టన్నుల ఉప్పూ, 10 కిలోల ఫ్లోరెసీన్ అనే రంగూ కలిపాడు. సుమారు 60 గంటలకు ఆఖ్ ఊట పచ్చగా మెరిసింది. నల్ల సముద్రానికి పోవాల్సిన నీరు కొంత రైన్ నది వైపు తిరిగి ఉత్తర సముద్రానికి పోతోందని తేలింది. నీళ్లు పోగొట్టుకునే డాన్యూబ్ మిల్లులకూ, నీళ్లు దక్కే ఆఖ్ మిల్లులకూ మధ్య గొడవ పెరిగి పెరిగి రాష్ట్రాల వివాదమైంది. 1927లో జర్మనీ న్యాయస్థానం ముందుకూ వెళ్లింది. ఇవాళ పరికరాలు ఆ రంగును వంద కోట్ల పాళ్లలో ఒక పాలు ఉన్నా పసిగడతాయి. ఊటల్లో చిన్న బొగ్గుపొడి సంచులు వేలాడదీస్తే, మనం లేనప్పుడు వచ్చిన రంగును కూడా అవి పట్టి ఉంచుతాయి. నీటిలోని ఆక్సిజన్, హైడ్రోజన్ ఐసోటోపులను కొలిచి ఆ వాన ఏ ఎత్తున కురిసిందో కూడా అంచనా వేస్తున్నారు.

ఇక మన నేలకు వద్దాం. నంద్యాల, కడప, తాడిపత్రి ప్రాంతాల నుంచి పల్నాడు దాకా, తెలంగాణలో హుజూర్‌నగర్, తాండూరు వైపు సున్నపురాయి పరుచుకుని ఉంది. మన ఇళ్లలో పరిచే నాపరాళ్లు ఆ పొరలవే, మన సిమెంటు ఆ రాతి పొడే. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవున ఆ రాతిలోనే తొలిచి ఉన్నాయి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లోనే వాటి గురించి రాశాడు. తర్వాత వంద ఏళ్లకు కూడా ఆ గుహలు చుట్టుపక్కలవాళ్లు చెత్త పారబోసే చోటుగానే ఉండేవి. స్థానిక పెద్దలు కొందరు పట్టుబట్టబట్టి, ప్రభుత్వం కదలబట్టి, 2002లో అవి సందర్శకులకు తెరుచుకున్నాయి. ఆ గుహల అడుగున పాతాళగంగ పారుతోంది. కొంత దూరం కనిపించి రాతిలోకి మాయమవుతుంది. రెండు కిలోమీటర్ల దూరంలోని బెలుం ఊరి బావికే అది చేరుతుందని నమ్మకం.

ఆ నమ్మకం సరైనదో కాదో రంగు తేల్చగలదు. కానీ అది తేలకముందే మనల్ని మనం ఒక ప్రశ్న అడగాలి. గుహలోని నీళ్లు ఊరి బావికి పోతాయని నమ్మే మనుషులం, అదే గుహలో చెత్త ఎలా వేయగలిగాం? పాతాళగంగకు మొక్కిన చేతులే చెత్తగంప ఎలా ఎత్తాయి? ఆ పాతాళగంగ ఎవరి కుండలో తేలుతుందో అన్న ఆలోచన లేని భక్తి సగం భక్తి మాత్రమే. బొర్రా గుహల గుండా పారే గోస్తని తాటిపూడి జలాశయం చేరి విశాఖపట్నం దాహం తీరుస్తోంది. ఆ గుహ దగ్గర నీళ్ల సీసా విసిరేసి వచ్చిన విశాఖవాసి దాన్ని తన ఇంటి వైపే విసురుకున్నట్టు లెక్క.

కృష్ణా నీటి మీద మనకు ట్రిబ్యునళ్లున్నాయి. టీఎంసీల లెక్కలు పల్లెల్లో కుర్రాళ్లకు కూడా నోటికొచ్చు. నేల కింద పారే నీటికి మాత్రం వకీలు లేడు. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం, నిర్దిష్టమైన కాలువలో పారని భూగర్భ జలాన్ని తన హద్దుల్లో సేకరించుకునే హక్కు భూమి యజమానికి ఇచ్చింది. సున్నపురాయి నేలలో నీరు నిర్దిష్టమైన కాలువల్లోనే పారుతుంది, అవి మనకు కనిపించవంతే. నా పొలం, నా బోరు, నా పాడుబావి అనుకునేదంతా అక్కడ పది ఊళ్ల ఉమ్మడి సొత్తు.

తెలుసుకోకపోయినా, పట్టించుకోకపోయినా ఏమవుతుందో కెనడాలోని వాకర్టన్ చెబుతుంది. 2000 మే నెలలో భారీ వానల తర్వాత ఒక పొలంలోని పేడ ఎరువు నుంచి ప్రమాదకరమైన ఈ.కోలి క్రిమి ఆ పట్టణపు బావిలోకి చేరింది. ఏడుగురు చనిపోయారు, 2,300 మందికి పైగా జబ్బు పడ్డారు. క్లోరిన్ చూడాల్సిన సిబ్బంది తప్పుడు లెక్కలు రాశారని విచారణలో బయటపడింది. పొలం రైతు మాత్రం మంచి పద్ధతులే పాటించాడని అదే విచారణ చెప్పింది. అక్కడి నేల కింద ఉన్నది పగుళ్ల సున్నపురాయి. తర్వాత రంగు వేసి చూస్తే నీరు అంచనాల కంటే ఎన్నో రెట్లు వేగంగా కదులుతోందని తేలింది. మనిషి మంచివాడైతే చాలదు. తన నేల ఎలాంటిదో కూడా అతనికి తెలియాలి, తెలియజెప్పే బాధ్యత సమాజానికి ఉండాలి.

అందుకే సున్నపురాయి నేలల్లో న్యాయం తలకిందులు కావాలి. ఇప్పుడు ఆచరణలో రుజువు భారం నీళ్లు తాగేవాడి మీదే పడుతోంది. బావి చెడిందని, బిడ్డకు వాంతులయ్యాయని, ఫలానా గుంతే కారణమని అతనే నిరూపించుకోవాలి. ఇకనుంచి ఆ భారం పారబోసేవాడు మోయాలి. రాళ్ల పాలిష్ బురదను వదిలేసిన గనిలో పోసేవారు, ఊరి చెత్తను పాడుబావిలో వేయించే పంచాయతీ, సెప్టిక్ ట్యాంకును నేల పగుళ్లలోకి వదిలే ఇంటాయన, అది ఎవరి ఊటకూ చేరదని ముందు చూపించాలి. చూపించలేకపోతే చేరుతుందనే అనుకోవాలి. మంచి ఉద్దేశంతో తవ్వే ఇంకుడు గుంతలకూ ఇదే నియమం. ఇసుక, కంకర పొరలు లేకుండా రోడ్డు మురుగును నేరుగా బోరులోకి మళ్లిస్తే భూగర్భ జలం పెరగవచ్చు, రోగం కూడా పెరుగుతుంది.

ఇదంతా ప్రభుత్వం చేయాల్సిన పనేనని చేతులు దులుపుకోకూడదు. భూగర్భ జల శాఖను, విశ్వవిద్యాలయాల భూవిజ్ఞాన విభాగాలను పిలిచి రంగు పరీక్ష చేయించమని అడగాల్సింది ఊరే. నేల ఎక్కడ కుంగింది, వాగు ఎక్కడ మాయమవుతుంది, వాన పడ్డ ఎన్ని గంటలకు ఏ బావి బురదగా మారుతుంది అన్నవి ఊరి ముసలివాళ్లకు తెలిసినంతగా ఏ పటంలోనూ ఉండవు. ఆ జ్ఞాపకాలను బడి పిల్లల చేత రాయించాలి. ఎగువ ఊరూ దిగువ ఊరూ ఒకే గ్రామసభలా కూర్చోవాలి, ఎందుకంటే నేల కింద వాటి మధ్య పొలిమేర లేదు.

వచ్చే గ్రామసభలో రోడ్డు గురించీ, పింఛన్ల గురించీ అడిగిన తర్వాత ఇది కూడా అడగండి: మన ఊరి మురుగు ఇంకేచోటు నుంచి ఎవరి ఊరికి పోతోంది? సమాధానం లేకపోతే, సమాధానం వచ్చేదాకా ఆ గుంతలో ఎవరినీ ఏమీ వేయనివ్వకండి. అడ్డుకోవాల్సింది మన ఇంటివాళ్లనే అయినా సరే.