పిల్లల ప్రోగ్రెస్ కార్డు సరే, మీ బీపీ ఎంత?



పేరెంట్స్ మీటింగ్‌లో మీరు అడిగే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. పోయిన వారం 22 వచ్చాయి, ఈ వారం 19 ఎందుకు? సెక్షన్ ర్యాంకు ఎందుకు తగ్గింది? గ్రామర్‌లో అర మార్కు ఎక్కడ పోయింది? అడగాల్సిందే, ఫీజు కట్టేది మీరు. మొన్న మీటింగ్‌లో ఒక తండ్రి తన కూతురి నాలుగు నెలల మార్కులు కాగితం చూడకుండా వరసగా చెప్పారు. పత్తి వ్యాపారం చేస్తారు, 42 ఏళ్లుంటాయి. రెండో అంతస్తు ఎక్కి వచ్చి ఆయాసపడుతుంటే, "సార్, మీ బీపీ ఎంత?" అని అడిగాను. ఆయన నవ్వేశారు. "నాకేమైంది మేడమ్, గుండురాయి మాదిరి ఉండాను" అన్నారు.

మా నాయన కూడా ఇదే మాట అనేవాడు.

మాది ఎమ్మిగనూరు, మగ్గం మీద బతికిన ఇల్లు. మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన చేనేత సహకార సంఘానికి మా తాత బట్ట నేశాడు, ఆ తర్వాత నాయన మగ్గంలో కూర్చున్నాడు. ఒకసారి మా వీధిలో హెల్త్ క్యాంపు పెడితే నాయనకు బీపీ 160/100 ఉందన్నారు. బిళ్లలు రాసిచ్చారు. మూడు నెలలు వాడాడు. మళ్లీ చూపిస్తే 130/80కి వచ్చింది. అంతే, మానేశాడు. అమ్మ అడిగితే, "జ్వరం తగ్గినాక కూడా బిళ్ల మింగుతామా?" అన్నాడు. నాకూ అది సబబుగానే తోచింది. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను, చదువుకున్నదాన్నే. బిళ్ల వేసుకుంటున్నందుకే బీపీ తగ్గిందనీ, మానేస్తే మళ్లీ పెరుగుతుందనీ, పెరిగినప్పుడు తలనొప్పి కూడా రాకపోవచ్చనీ ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

నేను బీఈడీ రెండో ఏడాదిలో ఉండగా, ఒకరోజు పొద్దున ఆరున్నరకు నాయన కాఫీ తాగుతుంటే కుడి చేతిలోంచి గ్లాసు జారిపోయింది. నోరు ఒక పక్కకు వంకర పోయింది. మాట ముద్దముద్దగా వచ్చింది. అప్పటికి ఆయనకు 51 ఏళ్లు. పక్కింటివాళ్లు వాయువు అన్నారు. దగ్గర్లో ఉన్న ఒకాయన నీరసమని చెప్పి సెలైన్ పెట్టాడు. అక్కడ రెండు గంటలు పోయాయి. ఆ తర్వాత ఎవరో చెప్పారని ఒక పల్లెకు తీసుకుపోయారు. పావురాన్ని కోసి ఆ వేడి రక్తం పట్టిస్తే పక్షవాతం తగ్గుతుందట. మీలో కొందరికి ఈ వైద్యం తెలిసే ఉంటుంది. అది కూడా అయ్యాక కర్నూలు చేరేసరికి మధ్యాహ్నం ఒకటిన్నర. అక్కడి డాక్టరు మొదట అడిగింది ఒకే ప్రశ్న: "ఈయన ఆఖరిసారి మామూలుగా ఎప్పుడున్నాడమ్మా?" అమ్మ చెప్పింది. ఆయన వేళ్ల మీద గంటలు లెక్కపెట్టి, ఇంకేం మాట్లాడకుండా స్కానింగ్‌కు రాశాడు.

ఆ ప్రశ్న ఎందుకు అడిగారో నాకు తర్వాత తెలిసింది. మెదడుకు పోయే రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంది. దాన్ని లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. అదీ స్కాన్ చూశాకే, ఎందుకంటే కొందరిలో గడ్డ ఉండదు, రక్తనాళమే చిట్లి ఉంటుంది. అలాంటివాళ్లకు ఆ మందు ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో ఆస్పిరిన్ మింగించకూడదని చెప్పేది కూడా అందుకే. నీళ్లు కూడా తాగించకూడదు, మింగుడు పడక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఎమ్మిగనూరు నుంచి కోడుమూరు మీదుగా కర్నూలుకు రెండు గంటల లోపే పోవచ్చు. ఆదోని నుంచైతే దాదాపు 100 కిలోమీటర్లు, అయినా నాలుగున్నర గంటలు పట్టదు. మాకు పట్టింది 7 గంటలు. తప్పు రోడ్డుది కాదు.

నాయన ఇప్పుడు నడుస్తాడు, మాట్లాడతాడు, గ్లాసు పట్టుకుంటాడు. మగ్గం మీద కుడిచేత్తో తాడు లాగితేనే నాడె పరుగెత్తుతుంది. ఆ చెయ్యి మాత్రం లాగలేదు.

ముఖం వంకర పోవడం, చెయ్యి లేవకపోవడం, మాట తడబడటం. ఈ మూడింట్లో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా 108కి ఫోన్ చేసి టైం రాసుకోండి. 8వ తరగతిలో ఫోన్ సంభాషణ పాఠం వచ్చినప్పుడు నేను పిల్లలతో 108కి ఫోన్ చేసినట్టే మాట్లాడిస్తాను. ఒకడు లేచి, "మేడమ్, మా తాత నోరు వంకర పోతే ఇంగ్లిష్‌లోనే చెప్పాలా?" అని అడిగాడు. తెలుగులోనే చెప్పరా నాయనా అన్నాను. గుండెపోటు సంగతి ఇంకో రకం. ఛాతీ మీద బండ పెట్టినట్టు బరువు, చెమటలు, దవడకో చేతికో పాకే నొప్పి వస్తే మన ఇళ్లలో మొదట అనేమాట "గ్యాస్". దానికి సోడా తాగి పడుకుంటారు. 2023లో మన రాష్ట్రంలో స్టెమీ అనే కార్యక్రమం మొదలైంది. చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్దాసుపత్రిలోని గుండె డాక్టరు చూసి చెబితే, వేల రూపాయల ఖరీదైన ఇంజెక్షన్‌ను అక్కడికక్కడే ఉచితంగా ఇవ్వడం దాని ఉద్దేశం. కానీ ముందు ఆ మనిషి సోడా బండి దగ్గర ఆగకుండా ఆసుపత్రికి పోవాలి కదా.

ఆ 7 గంటల కన్నా నన్ను ఎక్కువగా తొలిచేది అంతకు ముందు గడిచిన ఏడాది. నాయనకు ముప్పు ఉందని ఒక అంకె ముందే చెప్పింది. మేం దాన్ని పట్టించుకోలేదు.

ఈ అంకెల కథ పాతది. 1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మెదడులో రక్తస్రావమై చనిపోయారు. ఆ రోజు ఆయన బీపీ 300/190. వయసుతో పాటు బీపీ పెరగడం మామూలేనని నమ్మే డాక్టర్లు ఆ రోజుల్లో చాలామంది ఉండేవారు. ఆ తర్వాత 1948లో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో, మన ఆదోనిలాగే ఫ్యాక్టరీల మీద బతికే ఊళ్లో, 30 నుంచి 62 ఏళ్ల మధ్య ఉన్న 5,209 మందిని ఎంచుకుని రెండేళ్లకోసారి పరీక్షించడం మొదలుపెట్టారు. ఎవరికి గుండెపోటు వచ్చింది, ఎవరికి పక్షవాతం వచ్చింది, వాళ్లకు అంతకుముందు ఏముంది అని ఏళ్ల తరబడి రాసుకున్నారు. బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్, షుగర్ అని ఈరోజు మనం గడగడా చెప్పేదంతా అలా పుస్తకాల్లో రాసుకుంటే తేలిందే. వాళ్ల పిల్లలనూ, మనవలనూ కూడా ఇంకా గమనిస్తున్నారు.

మన సంగతి మరీ తొందర. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మొదటి గుండెపోటు వచ్చే వయసు లెక్కగడితే దక్షిణాసియా వాళ్లకు 53, మిగతావాళ్లకు సుమారు 59 అని తేలింది. ఆ పత్తి వ్యాపారి గారికి 53 వచ్చేనాటికి వాళ్లమ్మాయికి ఉద్యోగం వచ్చి ఏడాదో రెండేళ్లో అయివుంటుంది.

ముప్పును లెక్కగట్టడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో కొత్త చార్టులు తెచ్చింది. 40 నుంచి 74 ఏళ్ల వాళ్లకు, ఒక్కో ప్రాంతానికి ఒక్కో చార్టు. రక్తపరీక్ష చేయించే వీలు లేకపోయినా వయసు, ఆడా మగా, పొగ తాగుతారా, పై బీపీ ఎంత, ఎత్తుకు తగ్గ బరువుందా అనే ఐదు విషయాలతో ఒక గడి దొరుకుతుంది. వచ్చే పదేళ్లలో గుండెపోటో పక్షవాతమో వచ్చే అవకాశం 5 శాతం లోపైతే ఆ గడి ఆకుపచ్చ, 10 లోపు పసుపు, 20 లోపు నారింజ, ఆపైన ఎరుపు. శాతం అంటే అర్థం కాకపోతే మా క్లాసు లెక్కలో చెబుతాను. 40 మంది ఉన్న సెక్షన్ మొత్తం 10 శాతం గడిలో ఉందంటే, పదేళ్లలో అందులో నలుగురు పడిపోతారు. ఏ నలుగురో చార్టు చెప్పదు. మాక్ టెస్టు ర్యాంకు చూసి ఈఏపీసెట్‌లో మా వాడికి ఏ కాలేజీ వస్తుందో లెక్కగట్టే మీకు ఈ లెక్క కష్టమేమీ కాదు.

ఈ చార్టు చూసి మీకు మీరే మందులు వేసుకోమని నేను చెప్పడం లేదు. ఆ గడిని బట్టి తిండీ నడకా మార్చుకుంటే చాలా, బీపీ బిళ్ల, కొలెస్ట్రాల్ బిళ్ల కూడా కావాలా అనేది డాక్టరు తేలుస్తారు. ఒకసారి గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు చార్టుతో పనే లేదు. వాళ్లు ఎలాగూ పెద్ద ముప్పులోనే ఉన్నట్టు లెక్క.

"చెకప్‌కు పోతే లేని రోగం అంటగడతారు" అని మీరనొచ్చు. ఆ అనుమానం నాకూ లేకపోలేదు. వేలు పోసి పెద్ద ప్యాకేజీ చేయించుకోమనడం లేదు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, నడుము కొలత చాలు. 30 దాటినవాళ్ల కోసం ఆశా కార్యకర్త ఇంటింటికీ ఒక ఫారం తెస్తుంది. వయసు, పొగాకు, మందు, నడుము కొలత, వారానికి 150 నిమిషాలైనా ఒళ్లు కదులుతుందా, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నాయా అని అడిగి స్కోరు వేస్తుంది. 4 దాటితే ముందుగా పరీక్షకు రమ్మంటారు. స్కోరు తక్కువొచ్చినా పరీక్ష మాత్రం మానకూడదు. మన కాలనీల్లో, అపార్ట్‌మెంట్లలో ఆమెకు గేటు దగ్గరే జవాబు: "మాకు ప్రైవేటు డాక్టరున్నాడులేమ్మా." ఆ ప్రైవేటు డాక్టరు దగ్గరికి మీరు చివరిసారి పోయింది పాపకు జలుబు చేసినప్పుడు. ఈసారి ఆమె వస్తే లోపలికి పిలిచి కూర్చోబెట్టండి.

నడుము కొలతకైతే ఆమె రానక్కరలేదు. జూన్‌లో యూనిఫాం కొలతలు తీసిన టేపు ఇంట్లో ఉంటే పిల్లల చేతికివ్వండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. పొట్ట లోపలికి లాక్కోకండి, వాళ్లు పట్టేస్తారు.

తిండి గురించి క్లాసు పీకితే మీరు ఈ పేజీ తిప్పేస్తారని తెలుసు. ఆదివారం పొద్దున ఒగ్గాని, మిరపకాయ బజ్జీ మానమని చెప్పే ధైర్యం నాకు లేదు, నేనే మానలేను. కానీ బొరుగుల్లో ముందే ఉప్పు ఉంటుంది, దాని మీద మనం ఇంకొంచెం చల్లుతాం, పక్కన ఊరగాయ. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాములు, అంటే చిన్న చెంచాకు తలకొట్టి ఒక చెంచా ఉప్పు మించకూడదంటారు. పప్పులో, పచ్చడిలో, అప్పడంలో, పిల్లల చిప్స్ ప్యాకెట్‌లో ఉన్నదంతా ఆ చెంచాలోదే. ఒక్క నెల ఇంటికి ఎన్ని ఉప్పు ప్యాకెట్లు వస్తున్నాయో రాసి, ఇంట్లోవాళ్ల లెక్కతో భాగించి చూడండి. 5వ తరగతి పిల్లలు కూడా చేయగల లెక్క.

మా వైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. పరీక్షలు దగ్గరపడితే ఆటల పీరియడ్ మొదట మాయమవుతుంది. గ్రామర్ కోసం నేనే రెండుసార్లు తీసుకున్నాను. పిల్లలు రోజుకు గంట సేపు ఒళ్లు కదిలించాలి. మీరు మార్కుల గురించి అడిగినట్టే ఆటల పీరియడ్ జరిగిందా అని కూడా అడగండి. మీరు అడిగితే జరుగుతుంది.

ఇంకో మాట మీ దగ్గర పనిచేసేవాళ్ల గురించి. మీ ఇంట్లో పనిచేసే ఆమె, గోడౌన్‌లో మూటలు మోసే హమాలీ సుగ్గికి గుంటూరు వైపు మిరప కోతలకు పోతే, బీపీ బిళ్లలు ఊళ్లోనే ఆగిపోతాయి. పోయేముందు రెండు నెలల బిళ్లలు సంచిలో ఉన్నాయో లేదో అడగండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో అవి ఉచితంగానే ఇస్తారు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజు నా టేబుల్ మీద ఎలక్ట్రానిక్ బీపీ మిషన్ పెట్టుకోవడానికి ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు. మెట్లెక్కి రాగానే చూడను. అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్ వద్దు. వచ్చి ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు తాకించి, మాట్లాడకుండా కూర్చోవాలి. ఆ ఐదు నిమిషాలు మీ అమ్మాయి మార్కుల గురించి కూడా అడగకూడదు. చెయ్యి గుండె ఎత్తున టేబుల్ మీద పెట్టాలి, చొక్కా చేయి మడవాలి. రెండుసార్లు చూసి కాగితం మీద రాసిస్తాను. 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే మరో రోజు డాక్టరు దగ్గర మళ్లీ చూపించుకోండి, ఒక్కసారి చూసి బీపీ అని ముద్ర వేయరు. ఇప్పటికే బిళ్లలు వాడుతున్నవాళ్లు ఆ పట్టీ కూడా తెచ్చుకోండి.

మా నాయన బీపీని మా తమ్ముడు ప్రతి ఆదివారం ఒక రూళ్ల నోట్‌బుక్‌లో రాస్తున్నాడు. పోయిన ఆదివారం 128/82. ఆ నోట్‌బుక్‌ను కూడా తెస్తాను, ఎలా రాసుకోవాలో చూడొచ్చు.

— ఇంగ్లిష్ టీచర్, ఆదోని బ్రాంచ్